డ్రెస్సింగ్ పారబోసిన రోజు

మా ఆవిడకి రెండోసారి నెల తప్పినప్పుడు మేము ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి ఆత్రంగా అందరికీ చెప్పుకున్నాం, స్వీట్లు పంచాం, మూడో నెల నిండకుండానే పోయింది. అందుకని ఈసారి నోరు మెదపకుండా ఉన్నాం. అది ఎక్కువ రోజులు దాగే విషయం కూడా కాదు. వాంతులు మొదలయ్యాయి. అందరికీ పొద్దున పూట అవుతాయంటారు, ఆమెకి పొద్దనీ లేదు, సాయంత్రమనీ లేదు. అన్నం వాసన, పోపు వాసన, నా సబ్బు వాసన, ఆఖరికి వేడి చేసిన నీళ్ల వాసన కూడా పడేది కాదు. నీళ్లకి వాసన ఉంటుందని నాకు ఆమె చెప్పేదాకా తెలియదు.

మేము నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అద్దెకి ఉండేవాళ్లం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. నా ఆఫీసు గచ్చిబౌలి వైపు, ఆమెది హైటెక్ సిటీలో. కొత్తగా చేరినప్పుడు శిక్షణలో ఒకే బ్యాచ్. నాది భీమవరం దగ్గర, ఆమెది సిద్దిపేట. మా పెళ్లినాటికి ఈ రెండు ఊళ్ల మధ్య దూరం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఉద్యమం ముదిరాక ప్రతివాళ్లూ మాట్లాడారు. మా ఇంట్లో మాత్రం అది గొడవ కాలేదు. ఆమె తెలంగాణ రావాలంది, నేను సరే అన్నాను, అక్కడితో అయిపోయింది.

మా అత్తయ్యగారు ప్రభుత్వ బడిలో టీచరు. తెలంగాణ కోసం సమ్మె మొదలవగానే ఆవిడ కూడా అందులోకి దిగారు. రోజూ సిద్దిపేటలో దీక్షా శిబిరంలో కూర్చునేవారు. ఫోన్ చేసి ఎట్లున్నవని అడిగితే మా ఆవిడ మంచం మీద పడుకునే, మంచిగనే ఉన్ననమ్మా, ఫికర్ చెయ్యకు అని చెప్పేది. సంగతి తెలిస్తే అమ్మ శిబిరం వదిలి వచ్చేస్తుంది, నలుగురిలో మాట పడుతుంది, అందుకని చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. మా అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయి అప్పటికింకా లేచి నడవడం లేదు. కాబట్టి ఇంట్లో మేమిద్దరమే.

డాక్టరమ్మ రెండుసార్లు సెలైన్ ఎక్కించి పంపింది. ఏది కడుపులో నిలిస్తే అదే పెట్టండి, పోషకాల సంగతి తరవాత చూద్దాం అంది. ఏదీ నిలవలేదు. జావ నిలవలేదు, దానిమ్మ నిలవలేదు, మరమరాలు ఒక్కరోజు నిలిచి మర్నాడు తిరగబడ్డాయి. అప్పటికింకా ఆమె ఓపిక ఉన్నప్పుడల్లా ఆఫీసుకి వెళ్తోంది. ఒకరోజు మధ్యాహ్నం అక్కణ్నుంచి ఫోన్ చేసింది. క్యాంటీన్‌లో సలాడ్ దగ్గర కీర ముక్కల మీద తెల్లటిదేదో పోశారు, తిన్న, రెండు గంటలైంది, ఇంకా లోపలే ఉంది అంది. ఆ గొంతు విని నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండు గంటలు.

మర్నాడు నేనే ఆ క్యాంటీన్‌కి వెళ్లి, సలాడ్ మీద పోసే ఆ తెల్లటి డ్రెస్సింగ్‌లో ఏమేం వేశారని అడిగాను. పెద్ద డబ్బాలో వస్తుంది, మాకు తెలియదు అన్నారు. కొంచెం అడిగి నాలుక మీద వేసుకున్నాను. పెరుగు, నువ్వులు, నిమ్మకాయ, మిరియాలు, ఇంకేదో తీపి. ఇంటికొచ్చి పెరుగుని పల్చటి గుడ్డలో కట్టి కుళాయికి వేలాడదీశాను. నువ్వులు వేయించి నూరాను. వెల్లుల్లి వేస్తే ఆమె గిన్నె దగ్గరకి రాకుండానే బాత్‌రూమ్‌కి పరుగెత్తింది. వెల్లుల్లి తీసేశాను. తేనె ఒక చుక్క, ఉప్పు, మంచి నూనె ఒక చెంచా. కీర ముక్కలు నీళ్లు ఓడకుండా తుడిచి, దీంతో కలిపి పెడితే తింది. నిలిచింది.

ఇక అప్పటినుంచి నా బతుకంతా ఆ డ్రెస్సింగ్ చుట్టూ తిరిగింది. మొదట స్టీలు డబ్బాలో పెట్టాను. నిమ్మరసం పడి స్టీలు రుచి వస్తోందంది. గాజు సీసాకి మార్చాను. సీసాని వేడినీళ్లలో మరిగించి, బాల్కనీలో ఎండబెట్టి, తడి లేకుండా చూసుకుని నింపేవాణ్ని. మూతలో రబ్బరు పాత వాసన పట్టుకుని ఉంటుందని ఆమె చెబితే దాన్ని పీకేసి మూత కింద శుభ్రమైన కాగితం పెట్టాను. ఒకసారి తడి చెంచా ముంచాను. మర్నాడు సాయంత్రానికి మూత తీస్తుంటే బుస్సుమని గాలి వచ్చింది, పైన బుడగలు, చెంచాతో ఎత్తితే తీగ సాగింది. అది పాడైందని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. ఆ సీసా పారేసి, అప్పట్నుంచి తినేటప్పుడు కావలసినంత చిన్న గిన్నెలోకి వంచి, మిగిలింది మళ్లీ సీసాలో పోయడం మానేశాను. ఫ్రిజ్ తలుపులో కాకుండా వెనక గోడకి ఆనించి పెట్టాను. పైన నీళ్లు తేలితే పాడైనట్టు కాదని, కలిపితే కలిసిపోతుందని తెలుసుకున్నాను. నూరిన నువ్వులు పాతబడితే చేదు దిగుతాయని కూడా.

కానీ ఈ తేటతెల్లమైన సంగతుల మధ్య, పాడైందో లేదో తెలియని రోజులు చాలా ఉండేవి. పుల్లగా ఉంటుంది, నిమ్మకాయ పులుపా, పెరుగు పులిసిందా? నాకు చిన్నప్పటినుంచీ సైనస్. ముక్కు దిబ్బడేసుకుని సగం వాసనలు తెలియవు. ఆమె ముక్కేమో ఆ నెలల్లో కింద అంతస్తులో ఎవరు ఏం వేయిస్తున్నారో చెప్పేది. చూడమంటే ఒక్క క్షణంలో తేల్చేస్తుంది. కానీ పాడైనదాన్ని వాసన చూస్తే ఇక ఆ రోజంతా వాంతులే, మళ్లీ దాని పేరెత్తనివ్వదు. ఆ ఒక్క తిండి మీద కూడా అసహ్యం పుడితే ఏం గతి? అందుకని ఆమె దగ్గరికి ఎప్పుడూ అనుమానంతో తీసుకెళ్లకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు మనిషికైతే పాడైంది తింటే వాంతి అవుతుంది, అప్పుడు తెలుస్తుంది. ఈమెకి ఏం తిన్నా వాంతే. నేను పెట్టిందాని వల్ల అయిందా, మామూలుగా అయిందా అని ప్రతిసారీ గోడకి తల ఆనించుకుని ఆలోచించేవాణ్ని.

ఇంతలో బొగ్గు గనుల వాళ్లు కూడా సమ్మెలోకి వెళ్లారు. కరెంటు పోవడం మొదలైంది. పొద్దున పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. అపార్ట్‌మెంట్ జనరేటర్ లిఫ్టుకీ నీళ్ల మోటారుకీ మాత్రమే. ఫ్రిజ్ తలుపు తీస్తే వెచ్చటి గాలి వచ్చేది. నేను ఒక మట్టికుండ కొని, అందులో నీళ్లు పోసి, సీసాకి తడిగుడ్డ చుట్టి అందులో నిలబెట్టాను. మా ఆఫీసులో మాత్రం కరెంటు పోయినట్టే ఉండేది కాదు. అందుకని ఒక సీసా అక్కడి ప్యాంట్రీ ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ఐసుగడ్డలు నింపిన ఫ్లాస్కుతో పాటు ఇంటికి తెచ్చుకునేవాణ్ని. ముట్టుకోవద్దు, దయచేసి అని చీటీ అంటించినా ఎవరో ఒకసారి తమ సలాడ్ మీద పోసుకున్నారు. ఆ రోజు నేను మా టీమ్ అందరి ముందూ గట్టిగా అరిచాను. ఎందుకరుస్తున్నానో వాళ్లకి అర్థం కాలేదు. పెరుగు కోసమా అని ఒకడు నవ్వాడు.

బంద్ అని ముందురోజు తెలిసింది. ఆఫీసు సెలవు, బదులుగా శనివారం పని. బంద్ రోజు పాలు, పెరుగు దొరకవు. ముందురోజు సాయంత్రం దొరికిన పెరుగంతా కొన్నాను. విడిగా ఉంచితే పులిసిపోతుంది, ఉప్పూ నిమ్మరసం పడితే కొంచెం ఎక్కువ నిలుస్తుందనుకుని మొత్తం డ్రెస్సింగ్ కలిపేసి రెండు సీసాలు నింపాను. ఆ ఆలోచన సరైందేనా అని ఇప్పటికీ నాకు తెలియదు. ఆ సాయంత్రమే ఆమెకి కొంచెం పెట్టాను. తింది, కాసేపటికి కక్కేసింది. పొద్దున లేచేసరికి కరెంటు లేదు. కుండలో నీళ్లు కూడా చల్లగా లేవు.

ఆ రోజు ఆమె పెదాలు పగిలిపోయి ఉన్నాయి. మంచినీళ్లు చెంచాతో పోసినా కక్కేసింది. మధ్యాహ్నం అయ్యేసరికి తనంతట తనే, జర కీర ముక్కలు తెస్తవా అంది. అలా తనంతట తాను అడిగి చాలా రోజులైంది. నేను వంటింట్లోకి వెళ్లి మొదటి సీసా తీశాను. పైన నీళ్లు తేలాయి, అది మామూలే. గాజు అంచున సన్నటి బుడగలు వరసగా ఉన్నాయి. కలిపినప్పుడు పట్టిన గాలా, పులియడం మొదలైందా? నాలుక మీద వేసుకున్నాను. నిన్నటికంటే పులుపు. రెండో సీసా తీశాను, అదీ అంతే. తీగ సాగలేదు, బూజు లేదు, మూత బుస్సుమనలేదు. పాడైందని చెప్పడానికి ఏమీ లేదు. బాగుందని చెప్పడానికీ ఏమీ లేదు.

సీసా పట్టుకుని ఎదురు ఫ్లాట్ తలుపు తట్టాను. అందులో వరంగల్‌నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కొడుకు దగ్గర ఉండేది. విషయం చెప్పాను. ఆవిడ మూత తీసి చూసింది, వేలితో కొంచెం నోట్లో వేసుకుంది. ఇంకోసారి వాసన చూసింది.

“నాకైతే బాగనే ఉన్నది బిడ్డా. నేనైతే అన్నంల కలుపుకుని తింట. కానీ కడుపుతోని ఉన్న పిల్లకు పెట్టుమని మాత్రం నేను చెప్ప.”

డాక్టరమ్మకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంకెవరున్నారు? ఒట్టు సంగతి అప్పుడు గుర్తుంది, గుర్తుండే మా అత్తయ్యగారికి ఫోన్ చేశాను. వెనక మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. ఆవిడ పక్కకి వచ్చేదాకా ఆగి, మొదటినుంచీ అంతా చెప్పాను. సెలైన్లు, కీర ముక్కలు, కరెంటు, చేతిలో సీసా. ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలె అని అడిగారు. తనే వద్దంది అన్నాను. అది పారబొయ్యి నాయన, నేనొస్తున్న అని పెట్టేశారు.

రెండు సీసాలూ సింకులో వంపేశాను. నీళ్లు పోస్తుంటే వెనక అలికిడైంది. ఆమె గోడ పట్టుకుని నిలబడి ఉంది. చేతిలో ఖాళీ గిన్నె. ఆలస్యమైందని తనే వచ్చింది, నేను అడిగినవన్నీ విన్నట్టుంది.

“పారబోసినవా?”

“పాడైందేమోనని.”

“పాడైందా, పాడైందేమోనా?”

ఖాళీ సీసాలు పక్కన పెట్టాను. ఆమె మెల్లగా నేల మీద కూర్చుంది. ఏడవడానికి కూడా ఒంట్లో నీళ్లు లేనట్టు పొడి గొంతుతో మాట్లాడింది.

“నా ముక్కుకు తెల్వదా? ఈ ఇంట్ల ఏది ఖరాబైందో నాకు తెల్సినట్టు ఎవరికన్న తెలుస్తదా? ఎదురింటామెను అడిగినవ్. మా అమ్మను అడిగినవ్. నన్నొక్కదాన్నే అడగలె.”

“వాసన చూస్తే నీకు వాంతి అవుతుందని...”

“అయితే అయితది. రోజూ అయితనే ఉన్నది. తినేటిదాన్ని నేను గద.”

నేను చెప్పులేసుకుని బయటికొచ్చాను. ఎదురింటావిడని కాసేపు లోపల కూర్చోమని బతిమాలాను. చేతిలో మూత ఉన్న గిన్నె ఒకటి. నల్లగండ్లలో ఒక్క కొట్టు తెరిచి లేదు. రోజూ పాలు తీసుకునే చోట షట్టర్ తట్టాను, పైనుంచి ఎవరో తల ఊపారు, లేదన్నట్టు. లింగంపల్లి వైపు నడిచాను. రోడ్డు మీద బండి లేదు. ఎండ. ఒక్కో షట్టర్ దగ్గరా ఆగి తట్టుకుంటూ వెళ్లాను. ఇంత పెద్ద ఊళ్లో గిన్నెడు పెరుగు దొరకదా అని పైకే అనుకుంటూ నడుస్తున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకునేవారు.

లింగంపల్లి చౌరస్తాలో జనం ఉన్నారు. వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చుని తినడం ఆ రోజుల్లో ఉద్యమకారుల నిరసన. పెద్ద గుండిగల్లో అన్నం, సాంబారు. చివర ఒక బల్ల మీద అల్యూమినియం గిన్నెలో పెరుగు. నేను ఆ గిన్నెనే చూస్తూ నిలబడిపోయాను. నోరు తెరిస్తే నేను ఎక్కడివాణ్నో తెలిసిపోతుంది. నా మాటలో అండి లేకుండా ఒక్క వాక్యం రాదు. ఇంకో రోజైతే వెనక్కి తిరిగేవాణ్ని. వరసలో దూరి బల్ల దగ్గరికి వెళ్లి గిన్నె చాచాను.

“కొంచెం పెరుగు కావాలండి. ఇంటికి.”

పక్కన కండువా వేసుకున్న మనిషి నన్ను కిందికీ మీదికీ చూశాడు. “ఏ ఊరన్నా మనది?”

“భీమవరం దగ్గరండి. ఇక్కడ నల్లగండ్లలో ఉంటాం. మా ఆవిడది సిద్దిపేట. మూడో నెల. ఏం తిన్నా నిలవట్లేదు, పెరుగు ఒక్కటే...”

వడ్డిస్తున్న ఆవిడ గరిటె పక్కన పెట్టి నా గిన్నె అందుకుంది. నింపుతూ, ఇది నిన్న రాత్రి తోడు పెట్టింది, పొద్దటి సంది ఎండల ఉన్నది, పుల్లగైందో ఏమో చూసుకుని పెట్టు అంది. మూత పెట్టి ఇచ్చింది. అక్కడ కూడా ఎవరూ బాగుందని చెప్పలేదు. కండువా మనిషి తన మోటారు సైకిల్ మీద నన్ను మా గేటు దాకా దింపాడు. దిగాక, అన్నా, డాక్టర్‌కు చూపించు, పెరుగు మీదనే ఉండకు అన్నాడు.

మూడు అంతస్తులూ మెట్లెక్కాను. ఆమె బాల్కనీ తలుపు దగ్గర చాప మీద పడుకుని ఉంది. నేను వంటింట్లోకి వెళ్లకుండా నేరుగా ఆమె పక్కన కూర్చుని గిన్నె ముందు పెట్టాను. ఎక్కడినుంచి తెచ్చానో, ఎండలో ఉందన్న సంగతీ దాచకుండా చెప్పాను.

“నువ్వే చూడు. వద్దంటే పారేస్తాను.”

ఆమె లేచి కూర్చుని, కిటికీ ఊచ ఒక చేత్తో పట్టుకుని, మూత కొంచెం పక్కకి జరిపింది. నేను బకెట్ దగ్గరికి లాగి పెట్టాను. ఆమె ఒకసారి గాలి పీల్చి మొహం తిప్పుకుంది. ఇక అయిపోయిందనుకున్నాను. మళ్లీ వంగింది.

“పులిసింది. ఖరాబు కాలె,” అంది. “నిమ్మకాయ వెయ్యకు.”

మిక్సీకి కరెంటు లేదు. నువ్వుల్ని చిన్న రోట్లో దంచాను. పెరుగు వడగట్టే ఓపిక ఇద్దరికీ లేదు. ఉప్పు, నువ్వుల పొడి, ఇంకొంచెం తేనె. నాలుగు ముక్కలు తింది. నేను గడియారం చూడకుండా ఉండాలని బాల్కనీలోకి వెళ్లి ఆరేసిన బట్టలు తీశాను, మడతపెట్టాను, విప్పి మళ్లీ మడతపెట్టాను. చీకటి పడేదాకా నిలిచింది.

మర్నాడు పొద్దున రక్తపు చారతో వాంతి అయింది. లేపితే నిలబడలేకపోయింది. ఎదురింటావిడ కొడుకు కారులో దవాఖానకి తీసుకెళ్లాం. డాక్టరమ్మ చూసీ చూడగానే చేర్చుకుంది. నేను ఆవిడ వెనకే నడుస్తూ నిన్న నేను పెట్టిన పెరుగు గురించి చెప్పాను, దానివల్లేనా అని అడిగాను. ఆవిడ ఆగి చూసింది. తెలియదండి, ఈమెకి నీళ్లు తాగినా వస్తున్నాయి, దానివల్లో కాదో నేను చెప్పలేను అంది. స్కానింగ్ గది బయట కూర్చున్నాను. మొదటిసారి కూడా అలాంటి గది బయటే కూర్చున్నాను. అప్పుడు డాక్టరు బయటికి రావడం ఆలస్యమైంది. ఈసారి కూడా ఆలస్యమైంది. తలుపు తెరుచుకుంది. గుండె కొట్టుకుంటోందండి, బాగానే ఉంది అని నర్సు చెప్పి వెళ్లిపోయింది. నేను ఆ కుర్చీలోనే చాలాసేపు ఉండిపోయాను.

ఆ సాయంత్రం మా అత్తయ్యగారు వచ్చారు. బస్సులవాళ్లూ సమ్మెలోనే ఉన్నారు, అందుకని కూరగాయల వ్యానులో కొంత దూరం, ఎవరి స్కూటరు మీదో కొంత దూరం, చివరికి నడిచి. చీర కొంగు మట్టిగా ఉంది. కూతురి మొహం చూసి ఆవిడ తిట్టలేదు. మంచం పక్కన కూర్చుని పాదాలు ఒళ్లో పెట్టుకున్నారు. మా ఆవిడ, శిబిరం ఏమైతదమ్మా అని అడిగింది. ఆవిడ, నేనొక్కదాన్ని లేకుంటే తెలంగాణ ఆగుతదా, సప్పుడు చెయ్యక పండు అన్నారు.

వారం పైన దవాఖానలో ఉన్నాం. మందులు మార్చారు. ఇంటికొచ్చాక మా అత్తయ్యగారు చింతపండు పిసికి, పచ్చిమిర్చి కాల్చి వేసి పచ్చి పులుసు చేశారు. పొయ్యి ఎక్కించని పులుసు, వాసన తక్కువ. మా ఆవిడ అన్నంలో కలుపుకుని రెండు ముద్దలు తింది. మర్నాడు నాలుగు. మధ్యలో మళ్లీ వాంతులైన రోజులున్నాయి, మళ్లీ సెలైన్ ఎక్కించుకున్నాం, ఐదో నెల దాటాక గానీ నమ్మకం రాలేదు. సమ్మె ఆగింది, కరెంటు నిలబడింది. పాప ఎండాకాలంలో పుట్టింది. బరువు తక్కువని కొన్నాళ్లు అక్కడే ఉంచుకుని ఇచ్చారు.

దవాఖాననుంచి వచ్చాక నేను ఆ డ్రెస్సింగ్ మళ్లీ కలపలేదు. ఆమె కూడా అడగలేదు.